పాప మీద ఒట్టు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా పిఠాపురంలో ఎవరినడిగినా చెబుతారు. ఉంటుంది, లేదనను. వచ్చినప్పుడు అరిచేస్తాను, చల్లారాక పిలిచి కాఫీ ఇస్తాను. వాళ్ళకే, నేను తాగను. ఎందుకు తాగనో కూడా చెబుతాను, ఆ ముక్క లేకుండా ఈ కథ అర్థం కాదు. కన్నకొడుకు గురించి నలుగురిలో చెప్పుకోకూడదంటారు. నిజమే. కానీ నేను లేనిపోనివి కల్పించడం లేదుగా, జరిగిందే చెబుతున్నాను.

మా అబ్బాయి అచ్యుత్ ఇంగ్లండులో, న్యూకాసిల్లో కంప్యూటర్ ఉద్యోగం చేస్తాడు. కోడలు మానస. వాళ్ళకి ఒక్కతే కూతురు, సాహితి. రెండువేల ఆరులో వినాయకచవితి వెళ్ళిన వారానికి నేను వాళ్ళ దగ్గరికి వెళ్ళాను. మానసకి అప్పుడే ఒక బ్యాంకు కాల్‌సెంటర్లో ఉద్యోగం వచ్చింది. పాపని బడినుంచి తీసుకురావడానికి, సాయంత్రాలు చూసుకోవడానికి ఇంట్లో ఒక మనిషి కావాలి. ఆరు నెలల వీసా మీద ఆ మనిషి నేనయ్యాను.

పాపకి అప్పుడు ఐదేళ్ళు. అంతకుముందు ఏడాదంతా పిల్లకి సరిగ్గా వినబడలేదట. పిలిస్తే పలికేది కాదట. టీవీ గోలగా పెట్టుకుని దాని మీద పడిపోయి చూసేదట. బడిలో టీచరు ఈ పిల్లకి ధ్యాస లేదు పొమ్మందట. చివరికి జీపీ, అంటే వాళ్ళ వీధి డాక్టరు, హాస్పిటల్‌కి పంపితే తేలిందేమిటంటే, కర్ణభేరి వెనకాల గాలి ఉండాల్సిన చోట జిగురులాంటి నీరు పట్టేసింది. ఫిబ్రవరిలో మత్తిచ్చి, రెండు కర్ణభేరులకీ చిన్న గాటు పెట్టి, ఆ జిగురు లాగేసి, ఆ కన్నంలో ఆవగింజంత నీలం గొట్టం చెరొకటి అమర్చారు. గొట్టంలోంచి లోపలికి గాలి ఆడుతుంటే జిగురు మళ్ళీ పట్టదట. దాన్ని గ్రోమెట్ అంటారు. ఆ రోజు ఇంటికొస్తుంటే కారులో పాప రెండు చెవులూ మూసుకుని, "టూ లౌడ్, మమ్మీ" అని ఏడ్చిందట. ఆ మాట చెప్పినప్పుడల్లా మానస కళ్ళు తుడుచుకునేది.

నేను దిగిన రోజే, పెట్టెలు ఇంకా హాల్లో ఉండగానే, మానస నా పక్కన చేరింది.

"అత్తయ్యగారూ, తప్పుగా అనుకోకండి. పాప చెవిలో మాత్రం నూనె పొయ్యకండి."

నాకు చర్రున కోపం వచ్చింది. మా ఇంట్లో పిల్లలకి శనివారం తలంటడం, వెల్లుల్లి రెబ్బ వేసి కాచిన నువ్వులనూనె గోరువెచ్చగా చెవిలో రెండు చుక్కలు వెయ్యడం అంతా నా చేతి మీదుగానే జరిగేది. అచ్యుత్ గాడి చెవులు ఆ నూనెతోనే పెరిగాయి. పెళ్ళయిన కొత్తలో ఆ సంగతి మానసకి గొప్పగా చెప్పిందీ నేనే.

"ఏం, నా చేతిలో విషముందా ఏంటి?" అన్నాను.

"అయ్యో, అది కాదండీ. కర్ణభేరికి గొట్టం ఉంది కదా. పైన పోసింది తిన్నగా లోపలికెళ్ళిపోద్ది. చీము పడితే మళ్ళీ మొదటికొస్తుంది. సబ్బునీళ్ళు కూడా పోకూడదని నర్సు మరీ మరీ చెప్పింది. దూదికి వ్యాజలీన్ రాసి చెవికి అడ్డం పెట్టి నీళ్ళు పొయ్యాలి."

విన్నాను. సబబుగానే ఉంది. తల్లి భయం తల్లికుంటుంది. సోఫాలో నిద్రపోతున్న పాప తల మీద చెయ్యి పెట్టి, "ఇదిగో, దీని మీద ఒట్టు. ఆ గొట్టాలున్నన్నాళ్ళు చెవిలో చుక్క నూనె పడనివ్వను. సరేనా?" అన్నాను. మానస నా చెయ్యి పట్టుకుంది. అచ్యుత్ అక్కడే నిలబడి నవ్వుతూ, "ఇంక నీకు బెంగ లేదు మానసా, మా అమ్మ ఒట్టేసిందంటే అంతే" అన్నాడు.

వాడికి తెలుసు మరి. వాడికి ఏడేళ్ళప్పుడు టైఫాయిడ్ ముదిరి డాక్టర్లు పెదవి విరిచేస్తే, వాడి తల మీద చెయ్యి పెట్టి, వీడు లేచి తిరిగితే ఈ జన్మకి కాఫీ ముట్టనని ఒట్టు పెట్టుకున్నాను. పొద్దున్నే కాఫీ పడకపోతే మనిషిని కాను అప్పట్లో. వాడు లేచి తిరిగాడు, ఇంజనీరయ్యాడు, సముద్రాలు దాటాడు. నేను కాఫీ ముట్టలేదు. పక్కింటివాళ్ళు బలవంతం చేసినా, వాడి పెళ్ళిలో వియ్యపురాలు స్వయంగా గ్లాసు పట్టుకొచ్చినా ముట్టలేదు. ఇదంతా వాడు చూస్తూ పెరిగాడు.

ప్రతి శనివారం పాపకి తలంటేదాన్ని. బాత్‌టబ్బులో దాన్ని కూర్చోబెట్టి, పక్కన బకెట్టు బోర్లించి నేను కూర్చుని, ముందు దూదిముక్కలు వ్యాజలీన్‌తో బాగా తడిపి రెండు చెవులకీ అడ్డం పెట్టేదాన్ని. తర్వాత మాడుకి నూనె. ఆ తర్వాత నేను పెట్టెలో మోసుకెళ్ళిన కుంకుడుకాయల రసం. చెంబుతో నీళ్ళు కూడా వెనక్కి పోసేదాన్ని, చెవి వైపు రాకుండా. మొదటిసారి సాంబ్రాణి వేస్తే పైకప్పుకున్న పొగ గంట కుయ్యోమని మొదలెట్టి, పక్క ఫ్లాటావిడ పరిగెత్తుకొచ్చింది. అప్పట్నుంచి సాంబ్రాణి మానేసి, కరెంటు మిషనుతో జుట్టు ఆరబెట్టడం నేర్చుకున్నాను.

పాప తెలుగు అర్థం చేసుకుంటుంది గానీ జవాబంతా ఇంగ్లీషే. "కళ్ళు మండుతున్నాయా తల్లీ?" అంటే "ఆయ్" అనేది. మా గోదావరి వాళ్ళ ఆయ్ దీనికెలా వచ్చిందా అని మురిసిపోయాను. తీరా చూస్తే న్యూకాసిల్ వాళ్ళంతా అవుననడానికి అదే మాటంటారు. ఎలాగైతేనేం, నా పిల్లే అనిపించేది. అట్లతద్దికి పొడి గోరింటాకు తడిపి దాని పది గోళ్ళకీ టోపీలు పెట్టాను. ఎర్రగా పండితే బడిలో అందరికీ చూపించుకుని వచ్చింది.

డిసెంబరు మొదట్లో ఒక ఆదివారం పొద్దున్న, దోసెలు పోస్తుంటే పాప గదిలోంచి మానస కేక వినిపించింది. పరిగెత్తాను. మానస పాప దిండు మీద ఏదో చూపిస్తోంది. ఆవగింజంత నీలం గొట్టం. చుట్టూ గోధుమరంగు గుబిలి, తళతళా మెరుస్తోంది. కుడి చెవిది.

మానస ముఖం పాలిపోయింది. "ఊడిపోయిందండీ. ఊడిపోయింది." గొట్టాన్ని అరచేతిలోకి తీసుకుంది. వేలితో తాకింది. వాసన చూసింది. తర్వాత నా వైపు చూసింది. ఆ చూపు నాకిప్పటికీ గుర్తే.

"నూనెలా ఉందత్తయ్యగారూ."

"గుబిలమ్మా అది. గుబిలి జిడ్డుగానే ఉంటుంది."

"నిన్న తలంటారు. ఇవాళ ఊడింది."

"తల మూడు నెలల్నించీ అంటుతున్నాను కదే! అన్నాళ్ళు ఊడనిది నిన్నే ఊడాలా?"

"ఒక్క చుక్కేకదా అనుకున్నారేమో. మీకు అలవాటు కదండీ. ఆయన చెవుల్లో పోసేవారని మీరే చెప్పారు కదా."

"ఒట్టేశానే! పిల్ల మీద ఒట్టేశాను!"

మానస ఏడుపు మొదలెట్టింది. "అసలు నాకు ఆపరేషనే ఇష్టం లేదు. నాలుగేళ్ళ పిల్లకి మత్తేమిటని నెలరోజులు ఏడ్చాను. ఒక్కసారి పెడితే ఇంక చూసుకోనక్కర్లేదు, పెద్దయ్యాక డాక్టర్లే తీస్తారని ఆయన చెబితే ఒప్పుకున్నాను. గట్టిగా బిగించిన గొట్టం దానంతటదే ఎలా ఊడుద్దండీ? ఎవరో ఏదో చెయ్యకుండా ఎలా ఊడుద్ది?"

నేను అచ్యుత్ వైపు చూశాను. వాడు గుమ్మంలో నిలబడి ఉన్నాడు, చేతిలో టూత్‌బ్రష్షు. ఒక్క మాట చాలు నాకు. మా అమ్మ ఒట్టు తప్పదు అంటే చాలు. మూడు నెలల కిందట నవ్వుతూ అన్నాడుగా, ఆ మాటే మళ్ళీ అంటే చాలు. వాడు గొట్టం వైపు చూశాడు, మానస వైపు చూశాడు, "హాస్పిటల్ అపాయింట్‌మెంట్ ఎలాగూ క్రిస్మస్ ముందు ఉంది కదా, అప్పుడు చూపిద్దాంలే" అని బాత్రూంలోకి వెళ్ళిపోయాడు.

పెనం మీద దోసె మాడిపోయింది.

ఆ మధ్యాహ్నం మానస పాపని తీసుకుని దుకాణానికి వెళ్ళినప్పుడు వంటింట్లోకి వచ్చాడు. నేను అంట్లు తోముతున్నాను. నా పక్కన నిలబడి, గిన్నెలు తుడుస్తున్నట్టు నటిస్తూ, మెల్లగా మొదలెట్టాడు.

"అమ్మా, పోనీ ఒప్పేసుకో. ఏదో అలవాటుకొద్దీ ఒక చుక్క పడిందను. మానస రెండ్రోజులు ఏడ్చి ఊరుకుంటుంది. గొడవైపోతుంది."

నా చేతిలో గిన్నె జారి సింకులో పడింది.

"నేను పొయ్యలేదురా."

"పొయ్యలేదులేమ్మా. కానీ ఒప్పుకుంటే నీకేం పోతుంది చెప్పు?"

"ఏం పోతుందా? పిల్ల మీద ఒట్టేసి తప్పానని నా నోటితో నేను చెప్పుకోవాలా? ఆ పిల్లకేమన్నా అయితే? నీ తల మీద పెట్టిన ఒట్టు ఇంకా మోస్తున్నానే, నీకు తెలీదురా?"

"అబ్బా, నీ చాదస్తం నీది" అని వెళ్ళిపోయాడు.

పాతికేళ్ళ నా కాఫీ వాడికి చాదస్తంలా కనిపించింది. నాకు కోపం కూడా రాలేదప్పుడు. ఏడుపొచ్చింది. మానస పరాయింటి పిల్ల, నన్ను చూసింది ఎన్నాళ్ళు గనక, అనుమానపడిందంటే పడింది. వీడు నా ఒళ్ళో పెరిగినవాడు, వీడే నన్ను నమ్మలేదనుకున్నాను. అంతే అనుకున్నాను. అంతకన్నా ఘోరం ఉంటుందని నాకు తట్టలేదు.

మర్నాటినుంచి పాప తల నాకు అందలేదు. జడ మానసే వేసేది. శనివారం షాంపూ మానసే రుద్దేది, బాత్రూం తలుపు గడియ పెట్టుకుని. నేను తలుపు బయట తువ్వాలు పట్టుకుని నిలబడితే, "మీరు వెళ్ళి కూర్చోండి అత్తయ్యగారూ" అనేది. గౌరవంగానే అనేది. ఆ గౌరవమే నాకు చెంపదెబ్బలా తగిలేది. పాప ఒకరోజు నా ఒళ్ళోకొచ్చి, "మామ్మా, డిడ్ యూ బ్రేక్ మై ఇయర్?" అంది. ఎవరన్నారో ఏమో, పిల్ల చెవిదాకా వెళ్ళింది ఆ మాట. "లేదు తల్లీ, లేదు" అన్నాను. అది కాసేపు ఆలోచించి, కుడి చెవి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని మరీ నా భుజం మీద తల వాల్చింది. అంత చిన్నపిల్ల నా నుంచి చెవి కాచుకుంది. అప్పుడే నిశ్చయించుకున్నాను, ఈ ఇంట్లో నేనింక ఉండకూడదని. వెళ్ళిపోతానన్నాను. మానస కూడా ఆ మాట కోసమే చూస్తోందేమో, శివరాత్రి దాకా ఎందుకులెండి, చలి మీకు పడటం లేదు అని జనవరి మొదటివారానికి టికెట్టు మార్పించింది.

ఒక్కటి మాత్రం గట్టిగా అన్నాను. "హాస్పిటల్‌కి నేనూ వస్తాను. డాక్టరు నోటితో విని మరీ వెళ్తాను. నేను చేశానని ఆయనంటే నీ కాళ్ళు పట్టుకుంటా."

దానికి అచ్యుత్ ఎంత అడ్డం పడ్డాడో! చలిగాలి, నీకు జలుబు చేస్తుంది. అక్కడ కుర్చీలు తక్కువ. మానసా, నీ షిఫ్టు ఎందుకు పోగొట్టుకోవడం, డ్యూటీ మారిస్తే మేనేజరు గొణుగుతాడు, నేనే తీసుకెళ్తాను, మొదటినుంచీ అన్నిసార్లూ నేనే వెళ్ళాను కదా. తల్లి మీద ప్రేమ అనుకున్నాను, పిచ్చిదాన్ని. మానస మాత్రం, "ఆపరేషన్‌కి ముందు నేను భయపడి లోపలికి రాలేదు. ఈసారి వస్తాను" అని సెలవు పెట్టింది.

చెవి డాక్టరు పొడుగ్గా, తెల్లటి కనుబొమలతో ఉన్నాడు. అక్కడ కోత డాక్టర్లని డాక్టరనరట, మిస్టర్ అంటారట. ఈయన మిస్టర్ హెదరింగ్టన్. పాపని పెద్ద కుర్చీలో కూర్చోబెట్టి, మైక్రోస్కోపు దాని చెవి దగ్గరికి లాగాడు. లోపల కనిపించేది పక్కనున్న చిన్న టీవీలో మాకూ కనిపిస్తోంది. నాకు ఇంగ్లీషు అక్షరాలు వచ్చు గానీ ఆయన యాస అందదు. మానస నా పక్కన కూర్చుని ఒక్కో మాటా తెలుగులో చెబుతోంది. అచ్యుత్ తలుపు దగ్గర నిలబడ్డాడు, కూర్చోమన్నా కూర్చోలేదు.

టీవీలో కర్ణభేరి కనిపించింది. చల్లారిన పాల మీద మీగడ పొరలా పల్చగా, కాస్త మెరుస్తూ ఉంది. కుడి చెవిలో కన్నం లేదు. ఒక పక్కన చిన్న సున్నం చుక్కలాంటి తెల్లమచ్చ మాత్రం ఉంది.

"మూసుకుపోయిందట" అంది మానస. "గొట్టం పోగానే అంచుల్నుంచి కొత్త పొర అల్లుకుని కన్నం దానంతటదే పూడుకుంటుందట. ఆ తెల్లది మచ్చేనట. వినికిడికి ఇబ్బందేం లేదట."

అప్పుడు మానస ఆయన్ని అడిగేసింది. నూనె అన్న మాట, తలంటు అన్న మాట, నా వైపు చెయ్యి చూపించడం, అన్నీ నాకు అర్థమయ్యాయి. ఆయన తెల్ల కనుబొమలు పైకెత్తి, లేదు లేదు అన్నట్టు తలాడించాడు.

"నూనె పొయ్యకూడదట, అది వేరే సంగతట" అంది మానస. "పోస్తే నొప్పి, చీము వస్తాయి గానీ గొట్టం ఊడదట. అయినా ఈ చెవులు చాలా పొడిగా, శుభ్రంగా ఉన్నాయట. చూసుకున్నవాళ్ళెవరో గానీ బాగా చూసుకున్నారంటున్నారు."

చూసుకున్నవాళ్ళెవరో ఆ గదిలో ముగ్గురికి తెలుసు. మానస నా వైపు చూడలేకపోయింది.

"మరెందుకు ఊడిందో అడుగు" అన్నాను.

అడిగింది. ఆయన జవాబు చెప్పబోతూ పాప చేతి వైపు చూసి ఆగాడు. దాని వేలు పట్టుకుని, ఈ ఎరుపు ఏమిటన్నాడు. పాప గర్వంగా, "మై మామ్మా డిడ్ ఇట్" అంది. అట్లతద్దికి గోరంతా నిండుగా పండినది ఇప్పుడు చివర్న సన్నటి ముక్క మిగిలింది. ఆయన ఆ ముక్క మీద వేలు పెట్టి, కిందినుంచి పైకి గీత గీసినట్టు చూపిస్తూ నెమ్మదిగా చెప్పాడు. మానస ఒక్కో మాటే అందించింది.

"ఈ రంగుని ఎవరైనా తుడిచారా అంటున్నారు. తుడవలేదు కదా. గోరు పెరుగుతూ దాన్ని ముందుకి తోసుకుపోయింది. కర్ణభేరి మీద చర్మం కూడా అంతేనట. ఎప్పుడూ మధ్యలోంచి అంచులకి, అక్కడినుంచి బయటికి జరుగుతూనే ఉంటుందట. గుబిలి దానంతటది బయటికి రావడం అందుకేనట. గొట్టం పెట్టిన రోజునుంచే ఆ చర్మం దాన్ని నెట్టడం మొదలెడుతుందట. ఆరు నెలలకో, తొమ్మిది నెలలకో, ఏడాదికో బయటికి నెట్టేస్తుంది. అందరు పిల్లలకీ అంతేనట. ఊడిపోవడానికే పెడతారట."

ఆయన ఎడమ చెవి చూపించాడు. ఆ నీలం గొట్టం కూడా పక్కకి ఒరిగి, కర్ణభేరినుంచి సగం పైకి లేచి ఉంది. ఇదీ బయల్దేరిందని నవ్వాడు. నేను ఆ పిల్ల తల ముట్టి మూడు వారాలైంది. ఇది ఎవరు ఊడదీస్తున్నట్టు మరి?

మానస ఇంకేదో అడిగింది. మళ్ళీ జిగురు పడితే అని అడిగినట్టుంది. ఆయన చేతులు చాపి, కొందరికి మళ్ళీ పెట్టాల్సి వస్తుంది, చూద్దాం అన్నట్టు చెప్పాడు. చెబుతూ చెబుతూ తలుపు వైపు చూసి, చాలా మామూలుగా ఒక మాటన్నాడు. ఆ మాట మానస తెలుగులో చెప్పలేదు. నాకు అక్కర్లేకపోయింది కూడా. డాడ్, ఎక్స్‌ప్లెయిన్డ్, ఆపరేషన్, ఈ మూడు మాటలు నాకు చాలు. ఇదంతా ఆపరేషన్‌కి ముందే నాన్నకి చెప్పాను కదా, అన్నాడాయన.

నేను వెనక్కి తిరిగాను. మా వాడు తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు.

అప్పుడు నాకు అర్థమైంది. వాడు నన్ను నమ్మలేదనుకుని మూడు వారాలు కుమిలిపోయాను. నమ్మకపోవడం కాదది. నేను చెయ్యలేదని వాడికి నిక్షేపంగా తెలుసు. తెలిసే ఒప్పుకోమన్నాడు. తెలిసే, పిల్ల నా దగ్గర చెవి మూసుకుంటుంటే చూస్తూ కూర్చున్నాడు. నమ్మని కొడుకునైనా క్షమిస్తాను గానీ, దీన్నేం చెయ్యను?

కారు పార్కులో సన్నగా వాన, ఎముకలు కొరికే గాలి. పాపని కారులో కూర్చోబెట్టి తలుపు వేసి, మానస వాడి మీదికి తిరిగింది.

"పెద్దయ్యాక వాళ్ళే తీస్తారన్నారు. ఒక్కసారితో అయిపోతుందన్నారు. నెట్‌లో చదవద్దు, లేనిపోని భయాలు పెట్టుకుంటావన్నారు. అన్నీ అబద్ధాలేనా?"

"ఊడిపోద్ది, మళ్ళీ పెట్టాల్సి రావచ్చు అంటే నువ్వు ఒప్పుకునేదానివా? పిల్లకి వినబడటం ముఖ్యం అనుకున్నా. అందుకే అలా చెప్పా."

"సరే, అప్పుడు నా కోసం చెప్పారు. మరి మొన్న? అత్తయ్యగారిని నేను అన్నేసి మాటలంటుంటే ఎందుకు నోరు మెదపలేదు?"

వాడు నా వైపు చూశాడు. ముప్పై మూడేళ్ళ మనిషి, చిన్నప్పుడు సీసా పగలగొట్టి నా కొంగు వెనక దాక్కునేటప్పుడు పెట్టే ముఖమే పెట్టాడు.

"చెబితే నా అబద్ధం బయటపడుద్ది. నువ్వు నన్నింక నమ్మవు. అమ్మయితే... అమ్మే కదా, సర్దుకుంటుందిలే అనుకున్నా."

అమ్మే కదా. అంతే, ఆ రెండు మాటలే వాడి దగ్గరున్న కారణం. పెళ్ళాం నమ్మకం పోతే మళ్ళీ రాదని వాడికి భయం. అమ్మ నమ్మకం పోయినా అమ్మ ఎక్కడికీ పోదని ధీమా. నాకు ఒళ్ళు మండిపోయింది. వాన పడుతున్నదనీ, తెల్లవాళ్ళు చూస్తున్నారనీ కూడా చూసుకోలేదు.

"ఒరేయ్, నువ్వు నా మీద ఇంకే నేరం మోపినా సర్దుకునేదాన్నేరా. దొంగతనం చేశానని చెప్పినా సర్దుకునేదాన్ని. పిల్ల మీద ఒట్టు తప్పించావురా నా చేత! తప్పని ఒట్టు తప్పానని ఒప్పుకోమన్నావు! నువ్వు బతకాలని నోరు కట్టుకున్న మనిషినిరా నేను!"

వాడు "అమ్మా, సారీ అమ్మా" అంటూనే ఉన్నాడు. నేను వెనక సీట్లో పాప పక్కన కూర్చుని తలుపు వేసుకున్నాను. మానస కూడా ముందు సీటు వదిలేసి, పాపకి అటువైపు వచ్చి కూర్చుంది. వాడొక్కడే ముందు కూర్చుని టాక్సీ డ్రైవర్‌లా నడిపాడు.

ఇంటికొచ్చాక మానస నా కాళ్ళ మీద పడబోతే లేవనెత్తాను. "నీకు అబద్ధం చెప్పారు, దాన్ని పట్టుకుని నన్నన్నావు. నీ తప్పేముందే? నీ స్థానంలో ఉంటే నేనింకా నాలుగు ఎక్కువే అనేదాన్ని" అన్నాను. అది ఏడుస్తూనే నవ్వింది. టికెట్టు మళ్ళీ వెనక్కి మార్పిస్తానంది. వద్దన్నాను. కోపంతో కాదు. ఆ ఇంట్లో పొద్దున్నే లేచి వాడికి కాఫీ కలిపి ఇవ్వడం నా వల్ల కాలేదు.

నేను బయల్దేరే ముందు శనివారం వచ్చింది. పొద్దున్నే మానస గిన్నెలో నూనె గోరువెచ్చగా కాచి, దూది, వ్యాజలీన్ డబ్బా పక్కన పెట్టి, పాపని నా ముందు కూర్చోబెట్టింది. బాత్రూం తలుపు బార్లా తెరిచి పెట్టింది. ఎడమ చెవిలో గొట్టం ఇంకా ఉంది కనక రెండు చెవులకీ దూది పెట్టాను. పాప తలొంచి, కళ్ళు గట్టిగా మూసుకుని, ఈసారి చెవికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నాకు తల అప్పగించింది. మాడు మీద నూనె తట్టి తట్టి పట్టించాను. "ఈజ్ ఇట్ నైస్, మామ్మా?" అని అదే అడిగి, "ఆయ్" అని అదే జవాబు చెప్పుకుంది.

అచ్యుత్ వచ్చి గుమ్మంలో చతికిలబడ్డాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. వాడు నిజంగానే బాధపడుతున్నాడు, ఆ మాట కాదనను.

"అమ్మా, ఇంకెప్పుడూ ఇలా చెయ్యనమ్మా. నమ్ము. పాప మీద ఒట్టు" అని పాప తల మీదికి చెయ్యి చాపాడు.

నూనె చేత్తోనే వాడి మణికట్టు గబుక్కున పట్టుకున్నాను. చెయ్యి పాప తలకి జానెడు దూరంలో ఆగిపోయింది.

"దాని మీద వద్దు."

వాడు బిత్తరపోయి చూశాడు. తలుపు వెనక నిలబడ్డ మానస వైపు చూశాడు. మానస ఒక అడుగు వెనక్కి వేసింది. వాడు నా తల మీద పెట్టబోయాడు.

"పోనీ, నీ మీద ఒట్టమ్మా."

వాడి చెయ్యి మెల్లగా దించి వాడి ఒళ్ళోనే పెట్టాను.

"నా మీద కూడా వద్దు నాన్నా. నాకింకా నాలుగు రోజులు బతకాలనుంది" అని చెంబులో నీళ్ళు ముంచాను.